పొడుగు బస్సుకు తిత్తి

నెల్లూరు డిపోలో ముప్పై ఏళ్ళు స్టీరింగు తిప్పి, ఒక్క ప్రమాదం లేకుండా రిటైరైన డ్రైవర్ని. ఆ మాట అడగనివాళ్ళకు కూడా చెబుతుంటానని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. చెప్పుకోదగ్గ మాట చెప్పుకోవడంలో తప్పేముంది? కానీ నాకూ ఒక కొరత ఉండిపోయింది. పొడుగు బస్సు చక్రం ముందు ఏనాడూ కూర్చోలేదు.

పొడుగు బస్సు చూడనివాళ్ళు ఉంటారు కాబట్టి ముందు అదేమిటో చెప్పాలి. రెండు బస్సుల్ని ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి, మధ్య గోడలు తీసేసి, ఆ సందును మడతల గుడ్డతో మూసేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. ఇంజను ముందు భాగంలోనే. వెనక భాగం చక్రాల మీద దాని వెంట పోతుంది. మలుపు వస్తే బండి నడుం దగ్గర వంగుతుంది. ఆ వంగేచోట ఉండే మడతల గుడ్డను తిత్తి అంటారు. హార్మోనియం తిత్తి లాగానే ఒక పక్క తెరుచుకుంటే రెండో పక్క ముడుచుకుంటుంది. కాగితాల మీద ఈ బండి పేరు వెస్టిబ్యూల్ బస్సు. మద్రాసులో ఇవి చాలా కాలం తిరిగాయి. అప్పట్లో డ్యూటీ మీద అక్కడికి వెళ్ళినప్పుడల్లా ప్యారిస్ కార్నర్‌లో టీ గ్లాసు పట్టుకుని నిలబడి, అవి మలుపు తిరుగుతుంటే చూసేవాణ్ణి. టీ చల్లారిపోయేది.

పోయిన నెల ఒక మంగళవారం మా వదిన ఫోన్ చేసింది. పేరు సువార్తమ్మ, మా ఆవిడకు అక్క. పెళ్ళయిన కొత్తలోనే మద్రాసు చేరి, తిరువొత్తియూరులో ఉండిపోయింది. అక్కడొక టార్పాలిన్ కొట్టులో కుట్టుపని చేసేది. పొడుగు బస్సుల తిత్తులు చిరిగితే కొత్తవి కుట్టే పని ఆ కొట్టుకే వచ్చేది. కొట్టులో ఆ పని తెలిసింది మా వదినకే.

"మరిదీ, నువ్వు బస్సు మనిషివి గదా. నాలుగు దినాలు ఈడికి వచ్చి పో. ఒక తిత్తి కుట్టాల."

సంగతేమిటంటే, అంబత్తూరులో ఒక పాత ఇనుము యార్డులో పొడుగు బస్సు ఒకటి మిగిలి ఉంది. యార్డు ఓనరు దాన్ని ఏళ్ళ తరబడి గోడౌనుగా వాడుకున్నాడు. ఇప్పుడా స్థలం అమ్ముడుపోయింది. ఆదివారం సాయంత్రంలోగా ఖాళీ చెయ్యాలి. షోళింగనల్లూరులో ఒక చిన్న బడివాళ్ళు ఆ బస్సు తీసుకుని పిల్లలకు లైబ్రరీ చేసుకుంటామన్నారు. మా వదిన మనవరాలు స్టెల్లా పనిచేసే ఆఫీసు ఆ పక్కనే. ఈ బేరం కుదిర్చింది ఆ పిల్లే. కానీ నడుం దగ్గర తిత్తి మొత్తం చిరిగిపోయి ఉంది. వాన పడితే పిల్లలు తడుస్తారు కాబట్టి మధ్యలో మూసి ఉంటేనే మొత్తం బస్సు తీసుకుంటామని, లేకపోతే ముందు భాగం చాలని బడివాళ్ళు చెప్పేశారు. అప్పుడు వెనక భాగాన్ని గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేసేస్తారు. ఇట్లాంటి తిత్తి ఇప్పుడు బజారులో దొరకదు. కుడితే మా వదినే కుట్టాలి. ఆమెకు డెబ్బై దాటాయి, ఒక కంటికి శుక్లం ఆపరేషను అయింది.

బుధవారం మధ్యాహ్నానికల్లా తిరువొత్తియూరులో దిగాను.

మేడ మీద తాడు

వదిన ఇల్లు సముద్రానికి దగ్గర. కిటికీ తీస్తే ఒక పక్కనుంచి చేపల వాసన, ఇంకో పక్కనుంచి ఫ్యాక్టరీ పొగ వాసన. వారం ఉంటే రెండూ తెలియకుండా పోతాయట. నాకు నాలుగు రోజుల్లో పోలేదు. రాగానే మీన్ కొళంబు పెట్టింది. మన చేపల పులుసే, కాకపోతే మామిడికాయ బదులు కొబ్బరి. నెల్లూరువాడికి చేపల పులుసు పెట్టి ఎలా ఉందని అడగడం పెద్ద సాహసం. బాగుందన్నాను. నిజంగానే బాగుంది, ఆ మాట మా ఆవిడకు మాత్రం చెప్పలేదు.

కుట్టుమిషను మేడ మీద రేకుల షెడ్డులో ఉంది. టార్పాలిన్ కుట్టే పెద్ద మిషను. కొట్టు మూసేసినప్పుడు ఓనరు ఈమెకే ఇచ్చేశాడట. పక్కనే కొత్త టార్పాలిన్ చుట్ట ఉంది. బడివాళ్ళు పంపింది. పాత తిత్తిలోంచి పెరుమాళ్ అనే వాచ్‌మన్ ఊడదీసి పంపిన ఇనప కమ్మీలు గోడకు ఆనించి ఉన్నాయి. బస్సు మధ్యన తలుపు చట్రాల్లా వరసగా నిలబడి, గుడ్డను మడతల్లో నిలబెట్టేవి ఆ కమ్మీలే.

మేడ మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు బట్టలు ఆరేసే తాడు కట్టి ఉంది. బూడిదరంగు నైలాను తాడు. దాని నిండా ముడులే. ఒకచోట దగ్గర దగ్గరగా, ఒకచోట ఎడంగా, ఒక వరసా తీరూ లేదు. స్నానం చేసి టవలు ఆరేస్తే ముడి దగ్గర ఇరుక్కుని ఒక పక్కకు వేలాడింది. చొక్కా హ్యాంగరు ఎటు జరిపినా ఏదో ఒక ముడికి తగులుకునేది.

నేను ఊరికే కూర్చోలేని మనిషిని. గురువారం తెల్లారి అందరికంటే ముందే లేచాను. వదిన ఇంట్లో రెండు రోజులు తిని కూర్చోకుండా ఏదో ఒక పని చేసి పెడదామనిపించింది. స్క్రూడ్రైవరు తీసుకుని మేడెక్కి, ఒక్కొక్క ముడిలో దూర్చి, గంటన్నర కూర్చుని అన్నీ విప్పేశాను. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు. చివరి ముడికి గోరు కూడా విరిగింది. తాడు మళ్ళీ బిగించి కట్టి, టవలు నిటారుగా ఆరేసి, సంతోషంగా కిందికి దిగాను. వదినకు మోకాళ్ళ నొప్పులు, రోజూ మేడెక్కదు. తనే చూసి మెచ్చుకుంటుందిలే అని చెప్పలేదు.

సీటు దిగని కండక్టరు

ఆ రోజు అంబత్తూరు వెళ్ళి బస్సు చట్రం ఎత్తు, వెడల్పు కొలుచుకురావడం నా పని. "ఎత్తు, అడ్డం, అంతే. మిగిలింది నా కాడ ఉండాది," అంది వదిన. బస్సు మనిషికి రెండు కొలతలు మాత్రమే చెప్పడం నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది.

మద్రాసు బస్సు ఎక్కినవాళ్ళకు తెలుసు, ఎక్కనివాళ్ళ కోసం చెబుతున్నాను. మన దగ్గర కండక్టరు జనంలో ఈదుకుంటూ మన దగ్గరికి వస్తాడు. అక్కడ కండక్టరు వెనక తలుపు దగ్గర తన సీట్లో కూర్చుంటాడు, లేవడు. డబ్బులే ఆయన దగ్గరికి పోతాయి. నేను టికెట్టు కోసం లేచి వెనక్కి నడవబోతే చుట్టూ ఉన్నవాళ్ళంతా "ఉక్కారుంగ, ఉక్కారుంగ," అని కూర్చోబెట్టారు. నా యాభై నోటు పూలమ్మే ఆవిడ చేతిలో పడి, అక్కడినుంచి కాలేజీ అమ్మాయికి, ఆమె నుంచి నిద్రలో ఉన్న ఒక పెద్దాయనకు వెళ్ళింది. ఆయన కళ్ళు తెరవకుండానే అందుకుని తన వెనకవాళ్ళకు ఇచ్చాడు. కాసేపటికి టికెట్టూ చిల్లరా అదే దారిలో తిరిగొచ్చాయి. రూపాయి తగ్గలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేనెప్పుడూ ఇట్లాంటిది చూడలేదు. ముందు సీట్లోంచి ఎవరిదో పది నోటు నా భుజం తట్టింది. నేనూ వెనకవాళ్ళకు అందించాను. ఆ ఊరివాణ్ణయిపోయినట్టు అనిపించింది.

ఇంకొకటి ఈల. అక్కడ కండక్టర్లు ఈల ఊదుతారు. ఒకసారి ఊదితే ఆగాలి, రెండుసార్లు ఊదితే పోవాలి.

యార్డులో

అంబత్తూరు ఎస్టేటులో ఏ సందులోకి వెళ్ళినా లేత్ మిషన్ల చప్పుడే. యార్డు గేటు దగ్గర పెరుమాళ్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు పొడుగు బస్సు నడిపిన డ్రైవరు. రిటైరయ్యాక ఇక్కడ వాచ్‌మన్‌గా చేరాడు. తిరుత్తణి వైపు మనిషి, తెలుగు బాగానే వస్తుంది, మధ్యలో తమిళం దొర్లుతుంది. నేనూ డ్రైవర్నేనని చెప్పగానే లేచి చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ బండి నేను తోలిందే సార్. అందుకే ఈ వేల ఒప్పుకున్నా," అన్నాడు. వేల అంటే ఉద్యోగం.

పాత టైర్లూ ఫ్యాను మోటార్లూ ఉన్న గుట్టల మధ్య అది కనిపించింది. నేను అక్కడే నిలబడిపోయాను. రంగు వెలిసిపోయి, అద్దాలు సగం లేక, టైర్లలో గాలి లేక కూర్చుండిపోయింది. అయినా ఎంత పొడుగు! నడుచుకుంటూ పోతుంటే తరగడం లేదు. దూరంనుంచి చూసినప్పుడు ఆ పొడుగు తెలియదు. పక్కన నిలబడితే, దీన్ని రోజూ మౌంట్ రోడ్డు జనంలోంచి తీసుకెళ్ళి తీసుకొచ్చిన మనిషికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆ మనిషి నా పక్కనే బీడీ వెలిగించుకుంటున్నాడు.

మధ్యభాగంలోకి ఎక్కాను. నేల మీద గుండ్రని ఇనప పలక, పెళ్ళి వంటల గుండిగ మూతంత ఉంది. దాని మీదే బండి రెండు భాగాలూ తిరిగేది. చుట్టూ తిత్తి ఉండాల్సిన చోట చిరుగులు వేలాడుతున్నాయి. ఎత్తు కొలిచాను, వెడల్పు కొలిచాను. చేతిలో టేపు ఉన్నాక ఊరుకుంటానా, ముందు చట్రానికీ వెనక చట్రానికీ మధ్య దూరం కూడా కొలిచి, కమ్మీల లెక్కన సమంగా భాగించి చీటీ మీద రాసుకున్నాను.

తర్వాత పెరుమాళ్ టీ తెప్పించాడు, పదిహేను రూపాయల టీ, నురగే సగం. ఆ బండి పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. మొదట్లో మద్రాసులో ట్రైలర్ బస్సులుండేవట. లారీలాంటి ముందు భాగం వేరు, జనం కూర్చునే పెట్టె వేరు. డ్రైవరుకు వెనకాల ఏం జరుగుతున్నదీ తెలిసేది కాదు. ఆ తర్వాత వచ్చింది ఈ నమూనా. ముందు నుంచి వెనకదాకా లోపలే నడిచిపోవచ్చు. ఆఫీసు టైములో రెండు బస్సుల జనం ఒకదాంట్లో పట్టేవాళ్ళు, డ్రైవరు ఒక్కడే.

"అప్పుడు కండక్టర్లు?"

"రెండు పేరు. ముందొకడు, వెనకొకడు. వెనకాయన రెండు విజిల్ ఇవ్వాల. అది విని ముందాయన రెండు విజిల్ ఇవ్వాల. అప్పుడే నేను బండి తీసేది. వెనకాయన ఇవ్వకుండా ముందాయన ఊదినాడంటే సండై," అని నవ్వాడు. రెండు పేరు అంటే ఇద్దరు, సండై అంటే కొట్లాట.

మలుపులో ఎట్లా తిప్పేవారని అడిగాను. ముందు చక్రాలను మలుపు దాటించి బాగా ముందుకు తీసుకుపోయి అప్పుడు తిప్పాలట, లేకపోతే వెనక భాగం లోపలికి కోసుకుని ఫుట్‌పాత్ ఎక్కుతుంది. "ముందు సగం నాది సార్. వెనక సగం సామిది," అన్నాడు. మరి ఎందుకు ఆపేశారంటే, మెట్రో తవ్వకాలతో రోడ్లు సన్నబడ్డాయని, ఒక బండి చెడి ఆగితే మొత్తం రోడ్డే ఆగిపోయేదని, విడిభాగాలు దొరకలేదని ఒకటొకటిగా చెప్పాడు. ఇప్పుడు వేరే ఊళ్ళల్లో కరెంటుతో నడిచే పొడుగు బస్సులు వస్తున్నాయని పేపర్లో చూశాడట. ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నాడు, తీసి చూపించాడు.

వచ్చేముందు మా వదిన మాట వచ్చింది. "ఆ అమ్మ డిపోకి వచ్చి తిత్తి అమర్చి పోతుండె. ఒక్కసారి కూడా ట్రిప్‌కి ఎక్కలే," అన్నాడు.

నేను నమ్మలేదు. ఇంటికి రాగానే అడిగాను.

"ఆమా, ఎక్కలా," అంది వదిన బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ. "ఆ బండ్లు మౌంట్ రోడ్డు పక్క తిరుగుతాయి, నా బతుకంతా ఈ పక్క. ఊరికే ఎక్కి తిరిగేంత తీరిక ఎవురికి ఉండె? డిపోలో బండి నిలబడి ఉంటుంది, కుట్టి, బిగించి, దిగి వచ్చేస్తా. నేను కుట్టినవన్నీ మూసుకోని ఉన్నప్పుడే చూసినా. తెరుచుకుంటే ఎట్టుంటాయో నాకు తెలీదు."

అప్పటిదాకా నాకిది బడిపిల్లల బస్సు. ఆ మాటతో మా వదిన బస్సు అయింది. అది ముక్కలైతే ఆమె చేతిపని తెరుచుకోవడం ఆమె ఇక ఎప్పటికీ చూడదు.

నేను చేసిన ఘనకార్యం

శుక్రవారం పొద్దున వదిన మేడెక్కి మిషను ముందు కూర్చోగానే నా చీటీ గొప్పగా ఆమె చేతిలో పెట్టాను. స్టెల్లా ఆఫీసుకు సెలవు పెట్టి మేడ మీదే ఉంది. తను చదివి వినిపించింది. వదిన నవ్వింది.

"ఎత్తు సరి, అడ్డం సరి. ఈ మూడోది ఏంది?"

"చట్రాల మధ్య దూరం వదినా. కమ్మీ కమ్మీకీ సమంగా పంచేశా."

"నువ్వు నిలబడిన బండిని కొలిచినావు మరిదీ. తిరిగే బండిని ఎవురు కొలుస్తారు? ఇట్ట కుడితే మొదటి మలుపుకే పర్రున చినుగుతుంది. నడాన ఎక్కువ గుడ్డ ఇడవాల, అంచులకాడ తక్కువ. ఒక్కో మడతకి ఒక్కో లెక్క."

ముప్పై ఏళ్ళు మలుపులు తిప్పినవాడికి తట్టాల్సిన విషయం అది.

"మరి ఆ లెక్క ఎక్కడుంది?"

"తాడులో ఉండాది. మొదటి తిత్తి కుట్టినప్పుడు డిపోలో బండిని ఈ పక్కకి పూర్తిగా తిప్పించి, నేను తాడు పట్టి కమ్మీ కమ్మీకీ ముడేసినా. ఆ తాడుతోనే అన్నీ కుట్టినా. పని నిలిచిపోయినాక గుడ్డలు ఆరేసుకుంటా ఉండా. స్టెల్లా, దాన్ని ఇప్పుకోని రా."

స్టెల్లాకంటే ముందు నేనే తాడు వైపు నడిచి, సగంలో ఆగిపోయాను.

స్టెల్లా తాడు విప్పి తెచ్చి అవ్వ ఒళ్ళో పెట్టింది. "అవ్వా, ఇందులో ముడులే ఇల్లే," అంది.

చెప్పాను. ఏం చేశానో, ఎందుకు చేశానో, స్క్రూడ్రైవరుతో సహా చెప్పాను. వదిన తిట్టి ఉంటే బాగుండేది. తాడు ఒళ్ళో పెట్టుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. బండిని మళ్ళీ తిప్పి కొలుద్దామా అంటే, గాలిలేని టైర్లతో గుట్టల మధ్య ఇరుక్కుని ఉంది, లాగే క్రేను వచ్చేది ఆదివారం పొద్దున. ముప్పై ఏళ్ళలో ఒక్క ప్రమాదం చెయ్యనివాణ్ణి, మేడ మీద బట్టల తాడు దగ్గర చేశాను. నాకు ఏడుపొచ్చింది. మెట్ల మీద కూర్చుని నిజంగానే ఏడ్చాను.

ఎంతసేపు అయిందో, వెనకనుంచి వదిన గొంతు వినిపించింది. "స్టెల్లా, ఈడ చూడు. ఈడ నున్నగా ఉండాది."

వెనక్కి వెళ్ళాను. ఆమె కళ్ళు మూసుకుని తాడును రెండు వేళ్ళ మధ్య మెల్లగా జరుపుతోంది. కొంత దూరం జరిపి ఆగింది. "ఈడ గరుకు. ఈడ మళ్ళా నున్నన."

స్టెల్లా ఆ చోటును వెలుగులోకి పట్టి చూసి, నన్నూ చూడమంది. "తాతా, ఇంగ పారుంగ. బ్లూ."

ఎండకు ఏళ్ళ తరబడి బూడిదరంగైపోయిన తాడు మీద, ముడి లోపల దాక్కున్నంత మేర అసలు రంగు అలాగే ఉంది. గోరంత నీలం, కొంత దూరం పోయాక ఇంకో నీలం. అది నీలం తాడు అని నాకు అప్పుడే తెలిసింది. మొత్తం తాడు పరిచి చూస్తే ఒక్క ముడి గుర్తూ పోలేదు. ఎండ తగిలినచోట గరుకు, తగలనిచోట నునుపు. మేం కళ్ళు పెట్టుకుని చూడనిది ఆమె వేళ్ళు పట్టుకున్నాయి. నేను చాలా గుళ్ళూ గోపురాలూ చూశాను, నా బస్సులోనే ఎందరినో తీసుకెళ్ళాను. ఇంత ఆశ్చర్యం మాత్రం నాకెక్కడా కలగలేదు.

"నీలం బయటికి కనపడకుండా ముడెయ్యి మరిదీ. అప్పుడు కొలత సరిపోతాది," అంది. సాయంత్రం దాకా కూర్చుని, విప్పిన ప్రతి ముడినీ నా చేత్తోనే మళ్ళీ వేశాను. ఒక్కొక్కటీ ఆమె తడిమి చూసింది. నాలుగు నచ్చలేదు, మళ్ళీ వేయించింది.

కుట్టు

శనివారమంతా మిషను చప్పుడే. ఆమె ఒక్క గీత గీయలేదు. తాడు గుడ్డ మీద పరిచి, ముడి దగ్గర బొటనవేలు నొక్కి, అక్కడ కత్తిరించమనేది. నేను కత్తిరించేవాణ్ణి. స్టెల్లా గుడ్డ బరువు పట్టుకునేది. కొత్త టార్పాలిన్ వాసనకు తలనొప్పి వచ్చింది. మధ్యాహ్నం స్టెల్లా బర్మా బజార్ పక్క నుంచి అత్తో తెప్పించింది. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు తెచ్చిన తిండి అట, నూడుల్సులో ఉల్లిపాయా చింతపండు రసమూ కలిపి చేత్తో పిసికి ఇస్తారు. ప్లేటు అరవై రూపాయలు. మొదటి ముద్దకు మొహం చిట్లించి, రెండో ప్లేటు కూడా తిన్నాను.

చీకటి పడేలోగా తిత్తి తయారైంది. మేడ మీద ముడుచుకుని పడుకుంది. దాన్ని చూసి వదిన, "ఎప్పుడూ ఇట్టే చూస్తా," అంది.

గేటు మలుపు

ఆదివారం వదిన చర్చి మానేసింది. జ్వరం వస్తే తప్ప మానని మనిషి. "యేసయ్యకి తెలుసులే," అంది. తెల్లారేసరికి చిన్న లారీలో తిత్తితో సహా యార్డు చేరాం. పెరుమాళ్ అప్పటికే టైర్లకు గాలి పట్టించి, లోపలి సామానంతా ఖాళీ చేయించి ఉంచాడు. బిగించడానికి నాలుగు గంటలు పట్టింది. అటుపక్క గ్యాస్ కట్టర్ మనిషి సిలిండరు మీద కూర్చుని టిఫిను తింటూ మావైపే చూస్తున్నాడు.

క్రేను వచ్చింది, రికవరీ బండి అంటారు, దాన్ని బస్సు ముందు తగిలించారు. అది లాగుతుంటే మా బస్సులో ఒకరు స్టీరింగు తిప్పాలి. పెరుమాళ్ నా వైపు చూశాడు.

"నా కాలు ఇప్పుడు పెడల్ మీద నిలవదు సార్. నువ్వు కూర్చో. నేను ముందు కండక్టరు."

నేను కూర్చున్నాను. ఆ చక్రం ముందు కూర్చోవడం ఎట్లా ఉందో రాయాలని నాలుగుసార్లు ప్రయత్నించి కొట్టేశాను. తువ్వాలుతో చక్రం మీది దుమ్ము తుడిచాను, అంతే.

"వెనక కండక్టరు ఎవరు?" అన్నాను.

పెరుమాళ్ జేబులోంచి పాత ఈలలు రెండు తీసి, ఒకటి వదినకు ఇచ్చాడు. ఆమె చీర కొంగుతో తుడిచి, మధ్యలో ఆ గుండ్రని పలక మీదికి వెళ్ళి నిలబడింది. స్టెల్లా సీటు చూపించినా కూర్చోలేదు. కుట్టు చినిగితే ఒక ఈల, నేను ఆపాలి. కుట్టు నిలిస్తే రెండు. ఆపితే అక్కడితో సరి, వెనక భాగం అక్కడే ఉండిపోతుంది.

యార్డు గేటు నుంచి సందులోకి ఎడమవైపు మలుపు. బస్సుకూ గేటు స్తంభాలకూ మధ్య మూరెడు సందు మిగిలింది. పెరుమాళ్ చెప్పినట్టే ముందు చక్రాలను బాగా అవతలికి పోనిచ్చి అప్పుడు తిప్పాను. అద్దంలో వెనక భాగం కనిపించకుండా పోయింది. కమ్మీలు కిర్రుమన్నాయి, గుడ్డ బిగుసుకుంటున్న చప్పుడు వినిపించింది. ముందు సగం నాది. వెనక సగం ఎవరిదో నాకు అప్పుడు అర్థమైంది.

ఈల రాలేదు. ఒకటీ రాలేదు, రెండూ రాలేదు. బండి వంగుతూనే ఉంది. పెరుమాళ్ ఈల నోట్లో పెట్టుకుని వెనక్కి చూస్తున్నాడు. ఆయన ఊదడానికి వీల్లేదు, ముందు వెనకాయన ఊదాలి.

"అవ్వా," అని స్టెల్లా పిలిచింది.

అప్పుడు వినిపించింది. ఒకటి, వెంటనే రెండోది. పెరుమాళ్ వెంటనే తన ఈల రెండుసార్లు ఊదాడు. వెనక చక్రాలు గేటు దాటాయి. గ్యాస్ కట్టర్ మనిషి సిలిండరు లారీలోకి ఎక్కించుకోవడం అద్దంలో చూశాను.

ఎందుకంత ఆలస్యం చేశావని తర్వాత అడిగాను. "చూస్తా ఉండి ఊదేది మరిచిపోయినా," అంది.

షోళింగనల్లూరు

ఊరు ఈ కొన నుంచి ఆ కొనకు పోయాం. నలభై సీట్లకు పైగా ఖాళీగా ఉన్న బస్సులో, మోకాళ్ళ నొప్పులున్న మా వదిన దారంతా ఆ పలక మీదే నిలబడింది. ఒక చెయ్యి కమ్మీకి, ఒక చెయ్యి గుడ్డకు. మలుపు వచ్చినప్పుడల్లా ఒక పక్క మడతలు మూసుకుంటే రెండో పక్కవి తెరుచుకునేవి. తెరుచుకున్న గుడ్డలోంచి ఎండ మసకగా లోపల పడేదని స్టెల్లా చెప్పింది. సిగ్నళ్ళ దగ్గర కుర్రాళ్ళు మోటారుసైకిళ్ళు ఆపి ఫోన్లు పట్టారు. ఒక పెద్దాయన రోడ్డు పక్క నిలబడి చెయ్యెత్తాడు, ఎక్కుదామనుకున్నాడేమో. ఆపలేకపోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

పాత మహాబలిపురం రోడ్డు మీద మలుపులు లేవు. అద్దాల ఆఫీసులు, అపార్టుమెంట్లు, నేరుగా పోయే రోడ్డు. ఆ రోడ్డు మీద పడ్డాక వెనకనుంచి చాలాసేపు ఏ చప్పుడూ లేదు. అలిసిపోయి కూర్చుందనుకున్నాను.

బడి బోర్డు కనిపించింది. రికవరీ బండి వేగం తగ్గింది. అప్పుడు వెనకనుంచి వదిన గొంతు, అంత పొడుగూ దాటుకుని వచ్చింది.

"మరిదీ, ఇంకో మలుపు ఉండాదా?"

"ఒకటి ఉంది వదినా. బడి గేటు. అదే ఆఖరు."

రెండు ఈలలు వినిపించాయి. పెరుమాళ్ తన రెండూ ఊదాడు. నేను కిటికీలోంచి చెయ్యి చాపి, మెల్లగా లాగమని ముందు బండికి సైగ చేశాను. ఆ మలుపును ఎంత మెల్లగా తిప్పవచ్చో అంత మెల్లగా తిప్పాను.